వార్తల్లో పదం: ఓసీఐ

2025 జనవరిలో అమెరికాలో జన్మతః పౌరసత్వంపై వివాదం రేగాక, మన ప్రవాసుల మాటల్లో ఓసీఐ మళ్లీ వినిపిస్తోంది. ఓసీఐ అంటే ‘భారత విదేశీ పౌరుడు’. పేరులో పౌరుడని ఉన్నా ఇది ద్వంద్వ పౌరసత్వం కాదు, దాన్ని మన చట్టం ఒప్పుకోదు. విదేశీ పాస్‌పోర్టున్న భారత సంతతికి ఇచ్చే జీవితకాల వీసా లాంటిది. 2006లో హైదరాబాద్ ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదలైంది.

డల్లాస్‌లో పుట్టిన మనవడు ఓసీఐ కార్డుతో పాలకొండలోని తాతగారింట ఎన్నాళ్లైనా ఉండొచ్చు. కానీ పెద్దయ్యాక ఓటుండదు, సాధారణంగా ప్రభుత్వోద్యోగమూ ఉండదు. తాత పొలం వారసత్వంగా వస్తుంది, గట్టు పక్క ఎకరం మాత్రం కొనలేడు. ఎంబీబీఎస్ చదవాలంటే 2021 నోటిఫికేషన్ ప్రకారం ఎన్నారై లేదా అదనపు (సూపర్‌న్యూమరరీ) సీట్లకే పోటీ పడాలి. బిడ్డ చదువు ఇక్కడే అనుకునే తల్లిదండ్రులు ముందుగా చూసుకోవాల్సింది ఇదే.