తీరం శుభ్రత మన గుమ్మం నుంచే

సాయంకాలమైతే చాలు, అశోక్ నగర్ వీధులు పోటీ పరీక్షలకు చదువుకునే విద్యార్థులతో నిండిపోతాయి. టీ బండ్ల దగ్గర తాగి పారేసిన కప్పులు, చట్నీ కవర్లు, ఖాళీ నీళ్ల సీసాలు కొన్ని చెత్తబుట్టకు చేరతాయి. మిగిలినవి రోడ్డు పక్కనే పడి ఉంటాయి. వాన పడితే అవన్నీ ఎక్కడికి పోతాయి?

కుతుబ్ షాహీల కాలంలో హజ్రత్ హుసేన్ షా వలీ ఆధ్వర్యంలో నిర్మితమైన హుసేన్ సాగర్ మిగులు నీరు అశోక్ నగర్ పక్కనుంచే నాలాగా పారి మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో, కృష్ణ హంసలదీవి వద్ద బంగాళాఖాతంలో కలుస్తాయి. వీధిలోని ప్లాస్టిక్ కొంత నాలాకు అడ్డుపడి బస్తీలను ముంచుతుంది. కొంత ఆనకట్టల దగ్గర ఆగుతుంది. వరదకు గేట్లెత్తినప్పుడు కొంత కడలి దారి పడుతుంది.

తీరంలో సందర్శకులు వదిలే చెత్త దీనికి తోడవుతుంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల వంటి జీవులు నీటిలో తేలే కవరును ఆహారమనుకుని మింగి ప్రాణాలు కోల్పోతాయి. నోరులేని ఆ జీవుల గురించి రేపు మనం జవాబు చెప్పుకోవలసి రాదా?

2022 ఆగస్టు 26న విశాఖ తీరంలో వేలాదిమంది చేయి చేయి కలిపి చెత్త ఏరారు. అది అభినందనీయం. అయితే పారవేయడం ఆగనంత కాలం ఏరడానికి అంతముండదు. అదే ఏడాది జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, కప్పులు, చెంచాలు, స్ట్రాలపై దేశమంతటా నిషేధం అమలులోకి వచ్చింది. నీళ్ల సీసాలు మాత్రం ఆ జాబితాలో లేవు. చట్టం ఆగిన చోట మన మనస్సాక్షి మొదలవ్వాలి.

నేలపైనా, సముద్రంలోనూ తలెత్తే కల్లోలానికి మానవుల చేతలే కారణమని దివ్య ఖుర్‌ఆన్ (రూమ్ సూరా, 41వ ఆయతు) హెచ్చరిస్తోంది. బాటలో బాధ కలిగించే వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో ఒక శాఖేనని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. తొలగించడమే విశ్వాసమైతే, పడవేయడాన్ని ఏమనాలి?

ఈ మార్పు మన దస్తర్‌ఖాన్ నుంచే ఆరంభం కావాలి. ఇఫ్తార్ విందులలో, వలీమాలలో ప్లాస్టిక్ సీసాలకు బదులు కూజాలు, స్టీలు గ్లాసులు పెడదాం. బజారుకు గుడ్డసంచి తీసుకెళదాం. ఇంట్లో తడి చెత్తను, పొడి చెత్తను వేరు చేసి చెత్త బండికి అందిద్దాం. పిల్లలతో సముద్రతీరానికి వెళ్లినప్పుడు మన వెంట తెచ్చిన ప్రతి కవరునూ తిరిగి మన సంచిలోనే వేసుకుని బయలుదేరుదాం. అమ్మానాన్నలు వంగి ఒక సీసా తీయడం చూసిన పిల్లలకు వేరే ఉపన్యాసం అవసరం ఉండదు.

ఈ భూమి, ఈ నీరు మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. దానిని కాపాడే సద్బుద్ధిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.