పంతొమ్మిది స్టూడియోలు తిరిగిన ఆల్బమ్

రాక్ సంగీతంలో రికార్డులు అనగానే ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయన్న లెక్కే ముందుకొస్తుంది. ఆ లెక్కలో ‘లవ్‌లెస్’ నిలవదు. 1991 నవంబరులో వచ్చిన ఈ ఆల్బమ్ బ్రిటన్ పట్టికలో 24వ స్థానం దాకా ఎక్కి ఆగింది. అమెరికా టాప్ 200లో చోటే దొరకలేదు. కానీ తయారీలో జరిగిన విడ్డూరాలకు పోటీ పెడితే మొదటి బహుమతికి ఇంకెవరూ దరిదాపుల్లోకి రారు. 1983లో డబ్లిన్‌లో మొదలైన మై బ్లడీ వాలంటైన్ బృందానికి ఇది రెండో ఆల్బమ్.

ఐదు రోజుల పని

1988లో మొదటి ఆల్బమ్ చకచకా పూర్తయింది. ఆ ఊపు చూసి క్రియేషన్ రికార్డ్స్ సంస్థ రెండోదానికి ఐదు రోజులు చాలనుకుంది. 1989 ఫిబ్రవరిలో లండన్‌లోని బ్లాక్‌వింగ్ స్టూడియోలో పని మొదలైంది. ముగిసేసరికి రెండున్నరేళ్లు దాటాయి. బృందానికి పెద్ద దిక్కయిన గిటారిస్టు కెవిన్ షీల్డ్స్‌కు ఏ స్టూడియో ఓ పట్టాన నచ్చేది కాదు. కొన్నిచోట్ల ఒక్క రోజుండి సామాను సర్దుకున్నారు. మరికొన్నిచోట్ల బాకీ తీర్చేదాకా సామాను ఇవ్వమని స్టూడియోవాళ్లే పట్టుబట్టారు. చివరి మెరుగులు దిద్దిన ‘ది చర్చ్’ వరసలో పంతొమ్మిదో స్టూడియో.

అట్ట మీద డజనుకు మించి ఇంజనీర్ల పేర్లుంటాయి. ఇంతమంది కలిసి చెక్కారా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. టీ కాచి ఇచ్చినవాళ్ల పేర్లు కూడా వేయించానని షీల్డ్స్ తర్వాత చెప్పాడు. అసలు పనిలో చాలా భాగం అతనిది, ఇంజనీరు అలన్ మోల్డర్‌ది.

తెర వెనక పాట

ఈ ఆల్బమ్ గురించి చదివినవాటిలో నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచింది గాత్రం రికార్డు చేసిన తీరు. పాడే గదికీ ఇంజనీరు కూర్చునే గదికీ మధ్య ఉండే అద్దాల కిటికీకి షీల్డ్స్, గాయని బిలిండా బుచర్ తెర కట్టేశారు. లోపల ఏం పాడుతున్నారో ఇంజనీర్లు వినడానికి వీల్లేదు. వాళ్లకున్న ఆధారం టేపు యంత్రం మీటరు ఒక్కటే. ముల్లు ఆడుతుంటే పాడుతున్నట్టు, పడిపోతే ఆపేసినట్టు. ఆపేస్తే టేపును మళ్లీ మొదటికి తిప్పాలి. పాట బాగా కుదిరితే లోపలివాళ్లు తెర తీసి చెయ్యి ఊపేవారు! ఇక బుచర్‌నైతే చాలాసార్లు నిద్రలోంచి లేపి మైకు ముందు నిలబెట్టారు. ఆ మగత గొంతులో వినిపిస్తుంది. అదే పాటను పదే పదే పాడిన టేకులను ఒకదానిమీద ఒకటి పేర్చి కలిపేశారు కాబట్టి మాటలు అర్థం కాకపోతే మన ఇంగ్లిషును నిందించుకోనక్కర్లేదు. అక్కడివాళ్లకూ అంతే.

వాయించని వాద్యకారులు

బేస్ గిటారిస్టు డెబీ గూజ్ పేరు అట్ట మీద ఉంది, ఆల్బమ్‌లో ఆమె వాయించింది లేదు. ఆ భాగాలన్నీ షీల్డ్సే వాయించుకున్నాడు. ఆమె మొదట్లో రోజూ స్టూడియోకి వచ్చి, తనతో పనేమీ లేదని తెలిశాక రావడం తగ్గించుకుంది. డ్రమ్మర్ కోల్మ్ ఓకీసోగ్ ఆ రోజుల్లో చాలాకాలం జబ్బుపడ్డాడు. అతను వాయించగలిగినన్ని దరువులు రికార్డు చేసి, ముక్కలుగా కోసి, యంత్రంలో పేర్చి పాటలు కట్టారు. పదకొండు పాటల్లో నేరుగా కూర్చుని డ్రమ్స్ వాయించినవి రెండే. ఎవరూ చెప్పకపోతే ఈ తేడా చెవికి దొరకదు.

వందల గిటార్లా?

వింటే వంద గిటార్లు ఒకేసారి మోగుతున్నట్టుంటుంది. పత్రికలూ అలాగే రాశాయి. షీల్డ్స్ మాత్రం మామూలు బృందాల నమూనా టేపుల్లో ఉండేన్ని గిటార్లు కూడా తాను వాడలేదంటాడు. కిటుకంతా గిటారు వంతెనకు బిగించిన ఒక లోహపు కడ్డీలో ఉంది. దాన్ని నొక్కితే తీగల బిగువు సడలి శ్రుతి దిగుతుంది, వదిలితే పైకి వస్తుంది. మిగతావాళ్లు ఆ కడ్డీని ఎప్పుడో ఓసారి తాకేవారు. ఇతను గుప్పిట్లో పట్టుకునే ఆపకుండా తీగలు మీటుతాడు. వీణలో గమకానికి తీగను లాగినట్టే, కాకపోతే ఇక్కడ ఆరు తీగలూ కలిసి ఊగుతాయి. ఏ స్వరమూ ఒకచోట నిలవదు. ఈ ఆల్బమ్‌లోని అసలు ప్రయోగం ఇదీ. లెక్కకు అందే వింతలకన్నా దీనికే నా ఓటు.

చివర్లో ఇంకో గండం. పాటలను వరసగా కూర్చడానికి వాడిన యంత్రం ఒకప్పుడు సినిమా డైలాగులు అతకడానికి పనికొచ్చిన పాతది. అది ఆల్బమ్ మొత్తాన్నీ గందరగోళం చేస్తే షీల్డ్స్ జ్ఞాపకం మీద మళ్లీ సరిచేశాడు. ఆ తర్వాత మామూలుగా ఒక రోజులో ముగిసే మాస్టరింగ్‌కు 13 రోజులు తీసుకున్నాడు.

ఖర్చు

రెండున్నర లక్షల పౌండ్లు పోసి క్రియేషన్ దివాలా అంచుకు వెళ్లిందన్నది ప్రచారంలో ఉన్న కథ. ఎంత లాగినా 1,60,000 దాటదని, అందులోనూ చాలా భాగం తమ తిండీతిప్పలకే పోయిందని షీల్డ్స్ లెక్క. ఎవరి మాట నిజమైనా, ఆల్బమ్ వచ్చాక సంస్థ ఈ బృందాన్ని వదిలించుకుంది. 1992లో సంస్థలో దాదాపు సగం వాటా సోనీ చేతికి వెళ్లింది.

మూడో ఆల్బమ్‌కు 21 ఏళ్లు పైగా పట్టింది. ఆలోగా, 2008లో మళ్లీ వేదికలెక్కినప్పుడు చెవుల్లో పెట్టుకునే బిరడాలు ప్రేక్షకులకు గుమ్మం దగ్గరే పంచిపెట్టారు. ఒక పాట మధ్యలో ఒకే మోతను నిమిషాల తరబడి సాగదీయడం వీళ్ల అలవాటు మరి. చివరికి 2013 ఫిబ్రవరి 2 రాత్రి కొత్త ఆల్బమ్‌ను తమ వెబ్‌సైట్లోనే అమ్మకానికి పెట్టారు. అభిమానులంతా ఒక్కసారి ఎగబడేసరికి సైటు కుప్పకూలింది.