మీకు తెలుసా? బెంగకూ ఒక నంబరుంది

ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు 200 కిలోమీటర్లకు పైమాటే. అదే ఇచ్ఛాపురంలో కూర్చుని 14416 నొక్కితే, తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ దొరుకుతారు. పగలైనా రాత్రయినా సరే, పైసా ఖర్చు లేదు. ఇదే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. బెంగళూరులోని నిమ్హాన్స్ దీన్ని ముందుండి నడిపిస్తోంది. 2025 మధ్యకల్లా దేశమంతటి నుంచీ 20 లక్షలకు మించి కాల్స్ వచ్చాయి.

దీనికి 2024లో యాప్ కూడా వచ్చింది. కానీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు అసలైన మేలు ఈ అయిదంకెల నంబరుతోనే. నెట్ అక్కర్లేదు, బటన్ ఫోను చాలు. సమస్య పెద్దదనిపిస్తే ఫోన్ ఎత్తిన కౌన్సెలరే సైకియాట్రిస్టుకో, సైకాలజిస్టుకో అప్పగిస్తారు.

ఈ నంబరు ప్రతి విద్యాసంస్థలో, ప్రతి హాస్టల్లో అందరికీ కనబడేలా పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలని సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఆదేశించింది. తెలుసా? ఆ కేసు మన పక్కనున్న విశాఖపట్నంలోదే. నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణంపై విచారణ అది. అందులో కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలి. అంతకంటే చిన్న బడి అయితే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇవి అమల్లో ఉంటాయి.

అయితే గోడ మీద నంబరు రాసేస్తే పని అయిపోయినట్టు కాదు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎందరో తల్లిదండ్రులు హైదరాబాదులో, చెన్నైలో కూలి పనుల్లో ఉంటారు. మత్స్యకారులైతే గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్లెక్కుతారు. పిల్లలు హాస్టల్లోనో, అమ్మమ్మ తాతయ్యల దగ్గరో పెరుగుతారు. హాస్టల్ పిల్ల చేతిలో ఫోను ఉండదు. వార్డెన్ ఫోన్లో అమ్మతో మాట్లాడదామంటే వెనకాల పదిమంది తమ వంతు కోసం నిలబడి ఉంటారు. "ఏటమ్మా, ఏటైనాది?" అని అమ్మ అడిగినా, అంతమంది మధ్య ఆ పిల్ల బెంగ ఎలా చెప్పుకుంటుంది? ఒక ఫోను, తలుపు వేసుకునే ఒక గది, ఎవరూ తొందరపెట్టని అరగంట. ఈ మూడూ ఇవ్వని హాస్టల్లో 14416 ఉన్నా లేనట్టే. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

పిల్లలు ఫోన్ చేసేదాకా ఆగకుండా మనమే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు కూడా. విజయవాడ మురికివాడల్లో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు ఇలాంటి ప్రయత్నమే చేశారు. ఆరోగ్య కార్యకర్తలు ట్యాబ్‌లో ప్రశ్నలు అడిగి, సాయం కావలసిన వాళ్లను గుర్తించి డాక్టరు దగ్గరికి పంపారు. మనోవ్యథ అంటే సిగ్గుపడాల్సింది కాదని ఆ వాడల్లో ప్రచారమూ చేశారు. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లోనూ ఇలాంటిది జరగాలని నా కోరిక.

విద్యార్థుల కోసమే కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో 'మనోదర్పణ్' అనే మానసిక సహాయ కార్యక్రమం తెచ్చింది. దాని నంబరు 8448440632. దెబ్బలు, వేధింపులు, బాల్య వివాహం లాంటి ఆపదల్లో పిల్లల సహాయ నంబరు 1098కి చేయాలి. బిడ్డ ప్రాణానికే ముప్పు అనిపిస్తే వెంటనే 112కి చేయండి, సాయం వచ్చేదాకా పక్కనే ఉండండి.