నకలు తీస్తే రెండో సర్వర్ వస్తుందా?

ఫొటోలు, సినిమాలు, కుటుంబ పత్రాలు దాచుకునే హోమ్ సర్వర్ చక్కగా నడుస్తుంటే, అలాంటిదే మరో కంప్యూటర్‌లో కావాలనిపించడం సహజం. క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మొత్తం డిస్కును పొల్లుపోకుండా నకలు తీస్తుంది. చిక్కంతా ఆ పొల్లుపోకపోవడంలోనే ఉంది. ఎప్పుడైనా మళ్లీ దించుకోగల ప్రోగ్రాములు, ఇంకెక్కడా దొరకని మన డేటా, ఆ ఒక్క యంత్రానికే చెందవలసిన గుర్తింపు, మూడూ ఒకే డిస్కులో కలగలిసి ఉంటాయి. వీటిని విడదీయకుండా చేసిన నకలు రెండో సర్వర్ కాదు, మొదటిదాని పేరుతో తిరిగే మారువేషం.

గుర్తింపు సంగతే చూద్దాం. నేటి లినక్స్ యంత్రాల్లో చాలావాటికి 128 బిట్ల మెషిన్ ఐడీ ఉంటుంది. ఉబుంటు సర్వర్ రూటర్‌ను ఐపీ అడ్రస్ అడిగేటప్పుడు మామూలుగా ఈ ఐడీ నుంచి పుట్టిన గుర్తునే చూపిస్తుంది. అందుకే నెట్‌వర్క్ కార్డులు వేరైనా, క్లోన్ చేసిన రెండు యంత్రాలకూ రూటర్ ఒకే అడ్రస్ ఇచ్చేయవచ్చు. దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు సర్వర్ తనను తాను నిరూపించుకునే ఎస్ఎస్‌హెచ్ తాళంచెవులది ఇంతకంటే పెద్ద ప్రమాదం. రహస్యంగా ఉండాల్సిన తాళంచెవి రెండుచోట్ల ఒకటే అయితే, ఒక యంత్రంలో చొరబడినవాడు రెండోదానిలా నటించగలడు. ఇది ఊహ కాదు: 2012లో క్రిప్టోగ్రఫీ పరిశోధకురాలు నాడియా హెనింజర్ బృందం ఇంటర్నెట్‌ను జల్లెడపట్టి, ఒకే తాళంచెవిని పంచుకుంటున్న పరికరాలు పెద్దసంఖ్యలో ఉన్నాయని చూపింది. కాబట్టి ఐడీ, తాళంచెవులు కొత్త యంత్రంలో కొత్తగా పుట్టాలి. డేటాను మాత్రం మోసుకెళ్లాల్సిందే, అదీ చూసుకుని. నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఫైళ్లను ఉన్నపళంగా కాపీ చేస్తే సగం రాసిన పుటలు రావచ్చు. పైగా ఒక ప్రధాన వెర్షన్ ఫైళ్లను మరో ప్రధాన వెర్షన్ నేరుగా చదవదు. పోస్ట్‌గ్రెస్ సొంత డంప్ పరికరంతో డేటాను బయటికి తీసి, కొత్తచోట ఎక్కించడమే క్షేమం.

క్లోన్ చేస్తే గంటలో అయిపోయే పనికి ఇంత తతంగమా అనవచ్చు. పాత యంత్రాన్ని శాశ్వతంగా ఆపేసి, దాదాపు అలాంటి యంత్రంలోకే మారుతుంటే క్లోనింగ్ నిజంగా మంచి మార్గం. రెండూ బతికి ఉండాలన్నప్పుడే ఈ శ్రమ తప్పదు. ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే, 2013లో వచ్చిన డాకర్ ఉండగా చింతెందుకన్న మాటలోనూ బలముంది: ఏయే ప్రోగ్రాములు, ఏ సెట్టింగులతో నడవాలో ఒక కంపోజ్ ఫైల్లో రాసిపెడితే సగం పని అయినట్టే. కానీ ప్రోగ్రామును కట్టగట్టి ఇచ్చే ఇమేజ్‌కు ‘లేటెస్ట్’ అని రాస్తే, నేడు దిగేదీ నిరుడు దిగినదీ ఒకటి కాకపోవచ్చు. వెర్షన్ సంఖ్య రాయాలి. ఇంటెల్ యంత్రం కోసం కట్టిన ఇమేజ్ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో నేరుగా నడవదు. ఎప్పుడో చేత్తో మార్చి మరిచిపోయిన సెట్టింగు, రాత్రిపూట బ్యాకప్ తీసే షెడ్యూలు ఆ కంపోజ్ ఫైల్లో ఉండవు. అవి బయటపడాలంటే పాతదాన్ని చెరిపేయకుండా కొన్నాళ్లు ఆపి ఉంచి, ఇంటిల్లిపాదీ కొత్తదాన్నే వాడాలి. లోటు కనిపించిన ప్రతిసారీ దాన్ని యంత్రంలో సరిచేసి ఊరుకోకుండా, కంపోజ్ ఫైల్ పక్కనే రాసి పెట్టుకోవాలి.