కమ్యూనిటీ కళాశాల నుండి విశ్వవిద్యాలయానికి: బదిలీకి సన్నాహం

మన దేశంలో డిగ్రీ కళాశాలలో చేరిన విద్యార్థి సాధారణంగా అక్కడే చదువు ముగించి పట్టా పుచ్చుకుంటాడు. కళాశాల ఎంత చిన్నదైనా ఆ పట్టా మీది ముద్ర విశ్వవిద్యాలయానిదే. కళాశాల గేటు దాటకుండానే అతడు విశ్వవిద్యాలయ పట్టభద్రుడవుతాడు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఏర్పాటు వేరు. అక్కడి కమ్యూనిటీ కళాశాల ప్రధానంగా మొదటి రెండేండ్ల చదువు మాత్రమే చెబుతుంది. పట్టా కావాలన్నవాడు ఆ రెండేండ్ల చదువును వెంటబెట్టుకొని విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడ మూడవ సంవత్సరంలో ప్రవేశించాలి. దీనినే బదిలీ అంటారు. హైదరాబాదు నుండి వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ, ఉర్దూ కుటుంబాలూ మనలో చాలమందికి బంధువర్గమే గనుక, ఈ బదిలీ అనే మాట మన ఇండ్లలో కూడా అప్పుడప్పుడు వినబడుతూ ఉంటుంది. దాని మర్మం మాత్రం తెలిసినవారు తక్కువ.

ఈ కళాశాలల చరిత్ర ముచ్చటైనది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ పట్టణంలో, ఒక ఉన్నత పాఠశాలకు అనుబంధంగా, ఆరుగురు విద్యార్థులతో మొదటి ప్రభుత్వ జూనియర్ కళాశాల వెలిసింది. నాటి చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ దీనికి ప్రోద్బలమిచ్చిన వారిలో ముఖ్యుడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం 1947లో ట్రూమన్ అధ్యక్షుడు నియమించిన సంఘం ఇటువంటి ప్రభుత్వ కళాశాలలు దేశమంతటా రావాలని సిఫారసు చేసింది. కమ్యూనిటీ కళాశాల అన్న పేరు వాడుకలో స్థిరపడటానికి కూడా ఆ నివేదికే కారణం.

అయితే దీనిని ఒక క్రమబద్ధమైన సోపానంగా మలచినది కాలిఫోర్నియా. 1960 నాటి ఉన్నత విద్యా ప్రణాళికలో, విశ్వవిద్యాలయాధ్యక్షుడు క్లార్క్ కెర్ ప్రభృతుల కృషితో, ఆ రాష్ట్రం మూడు అంతస్తులను నిర్ణయించింది. ఉన్నత పాఠశాల ముగించినవారిలో ఎనిమిదవ వంతు మేటి విద్యార్థులకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, మూడవ వంతు వరకు రాష్ట్ర విశ్వవిద్యాలయం, మిగిలిన వారెవరికైనా కమ్యూనిటీ కళాశాల. పదిహేడేండ్ల వయస్సులో వచ్చిన మార్కులను బట్టి ఒక మనిషి భవిష్యత్తుకు గోడ కట్టటం అన్యాయం గనుక, ఆ గోడలో ఒక తలుపు పెట్టారు. ఆ తలుపే బదిలీ. నేడు ఆ రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కళాశాలలు ఉన్నాయి. రుసుము విశ్వవిద్యాలయంలోకన్నా ఎంతో తక్కువ. ప్రవేశానికి పోటీ లేదు.

ఆ తలుపు గుండా నడిచినవారు ఎంత దూరం పోగలరో చెప్పటానికి ఒక్క ఉదాహరణ చాలు. ఐలీన్ కాలిన్స్ అనే ఆమె న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కమ్యూనిటీ కళాశాలలో 1976లో చదువు పూర్తిచేసి, సిరక్యూజ్ విశ్వవిద్యాలయానికి మారి 1978లో గణిత, అర్థశాస్త్రాలలో పట్టం పొందింది. 1999 జూలైలో అంతరిక్ష నౌకకు అధిపత్యం వహించిన మొదటి మహిళ ఆమెయే. ఆ యాత్రలో ఆమె బృందం కక్ష్యలో నిలిపిన దూరదర్శినికి, లాహోరులో జన్మించిన మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరిట ‘చంద్ర’ అని నామకరణం చేశారన్న సంగతి మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు తెలిసే ఉంటుంది.

ఇది వెలుగు వైపు. ఆ 1960వ సంవత్సరంలోనే బర్టన్ క్లార్క్ అనే సమాజ శాస్త్రవేత్త, కాలిఫోర్నియాలోని ఒక జూనియర్ కళాశాలను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించాడు. పట్టా కోరి వచ్చిన విద్యార్థుల ఆశను ఈ కళాశాలలు ఒక్కసారిగా కాదనకుండా, మెల్లమెల్లగా చల్లారుస్తున్నాయని ఆయన వాదం. ‘నీవు తగవు’ అని ఎవరూ అనరు. ఒక టర్ము పోతుంది, మరొక టర్ము పోతుంది, విద్యార్థియే అలసి వెనుదిరుగుతాడు. ఆయన మాటతో ఏకీభవించనివారు ఉన్నారు. కాని 2017లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం వెలువరించిన నివేదిక చూస్తే అది కొట్టిపారవేయదగిన మాట కాదని తోస్తుంది. 2004, 2009 సంవత్సరాల మధ్య ఒక విద్యాసంస్థ నుండి మరొకదానికి మారిన విద్యార్థులు, సగటున తాము గడించిన క్రెడిట్లలో 43 శాతం కోల్పోయారని ఆ నివేదిక అంచనా. నూరు రూపాయలు కూడబెట్టుకొని ప్రయాణమైనవాడు ఊరు చేరేసరికి చేతిలో యాభై యేడు మాత్రమే మిగలటం వంటిది ఇది. ఆ పోయినదానిలో రుసుమే కాదు, వయస్సు కూడా ఉన్నది.

ఈ నష్టం ఎక్కడ జరుగుతుంది? చదవనివాడికి మాత్రమే జరిగితే చెప్పుకోవలసిన పని లేదు. బాగా చదివినవానికి కూడా జరుగుతుంది. కారణమేమంటే, ఒక క్రెడిటును విశ్వవిద్యాలయం ‘స్వీకరించటం’ వేరు, అది పట్టాకు ‘పనికి రావటం’ వేరు. విద్యార్థి చదివిన భూగోళశాస్త్రపు కోర్సును విశ్వవిద్యాలయం సంతోషంగా స్వీకరిస్తుంది. ఐచ్ఛిక విషయమని దస్త్రంలో వ్రాసుకుంటుంది. కాని అతడు చేరినది ఇంజనీరింగు. ఆ శాఖ అడిగిన భౌతికశాస్త్రపు కోర్సు అతని వద్ద లేదు. లెక్కకు యూనిట్లు నిండుగా ఉన్నాయి, అంగడిలో మాత్రం అవి చెల్లని కాసులు. తీరా మూడవ సంవత్సరంలో చేరినవాడు మొదటి సంవత్సరపు తరగతిలో కూర్చోవలసి వస్తుంది.

కనుక బదిలీ సన్నాహం దరఖాస్తుతో మొదలవుతుందని అనుకోవటం పొరబాటు. అది మొదటి టర్ములో మొదటి కోర్సు ఎన్నుకునే నాడే మొదలవుతుంది. చేరవలసిన చోటు నిర్ణయించుకొని, అక్కడి నుండి వెనుకకు లెక్కించుకుంటూ రావాలి. కాలిఫోర్నియాలో ఇందుకు ఒక మంచి సాధనం ఉన్నది. 1985లో ఆరంభమైన ‘అసిస్ట్’ అనే అధికార సంచిక ఏ కమ్యూనిటీ కళాశాలలోని ఏ కోర్సు, ఏ విశ్వవిద్యాలయంలోని ఏ కోర్సుకు సమానమో కళాశాలవారీగా, శాఖవారీగా చూపుతుంది. నేడు అది అంతర్జాలంలో ఎవరికైనా ఉచితంగా లభిస్తుంది. దానిని చూసేటప్పుడు ఏ విద్యా సంవత్సరపు ఒప్పందమో గమనించాలి. ఆ పుటను అచ్చువేసి దాచుకోవటం ఇంకా మంచిది. సలహాదారులు లేకపోలేదు. కాని వందలాది విద్యార్థులకు సమాధానం చెప్పే మనిషి ఒక్కొక్కరి శాఖ నియమాలను కంఠస్థం చేసి ఉంటాడని ఆశించరాదు. ముందుగా తాను చదువుకొని, సందేహాలు వ్రాసుకొని సలహాదారు వద్దకు వెళ్ళేవాడికి అరగంటలో జరిగే పని, వట్టి చేతులతో వెళ్ళేవాడికి సంవత్సరమైనా జరగదు.

కోర్సులు రెండు రకాలు. సాహిత్యం, చరిత్ర, విజ్ఞానం మొదలైనవి అందరికీ సామాన్యమైనవి. వీటికై 2025 శరత్కాలం నుండి ‘కాల్-జెటెక్’ అనే ఒకే పట్టిక అమలులోకి వచ్చింది: 11 కోర్సులు, 34 యూనిట్లు. దానిని పూర్తిచేస్తే రెండు ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థలలోనూ మొదటి రెండేండ్ల సామాన్య విద్య తీరినట్లే. రెండవ రకం ప్రధాన విషయానికి పునాది కోర్సులు. విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడనే. ఇంజనీరింగు కోరేవాడు కలన గణితంలో మూడు కోర్సులు వరుసగా చదవాలి. ఆపై అవకలన సమీకరణాలు, రేఖీయ బీజగణితం ఉంటాయి. భౌతికశాస్త్రం కలన గణితం మీద ఆధారపడినది గనుక దానికి ముందుగా వెళ్ళటానికి వీలులేదు. ఇది గొలుసు. నాలుగు సెమిస్టర్లలో ఈ గొలుసు సరిగ్గా సరిపోతుంది. మొదటి సెమిస్టరులో కలన గణితం తీసుకోకుండా ‘తరువాత చూద్దాం’ అనుకున్నవాడికి అయిదవ సెమిస్టరు తప్పదు. సామాన్య విద్యకు ఇటువంటి వరుస లేదు, కొంత వెనుకకు నెట్టవచ్చు. అందుచేతనే ఇంజనీరింగు వంటి శాఖలలో చేరేవారు సామాన్య విద్య మొత్తం ముందే ముగించాలని పట్టుబట్టక, పునాది కోర్సులకు ప్రాధాన్యమివ్వాలని విశ్వవిద్యాలయమే సూచిస్తున్నది. ఆర్థశాస్త్రమో, చరిత్రో చదివేవారి సంగతి వేరు. వారికి కొంత వెసులుబాటు ఉంటుంది.

బదిలీకి 60 సెమిస్టరు యూనిట్లు కావాలి. కొన్ని కళాశాలలలో సంవత్సరాన్ని సెమిస్టర్లుగా కాక క్వార్టర్లుగా విభజిస్తారు. కూపర్టినోలోని డీ ఆంజా కళాశాల అటువంటిది. అక్కడ 90 యూనిట్లు అంటే ఇక్కడ 60తో సమానం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి కనీసపు సగటు గ్రేడు 4కు 2.4. ఆ రాష్ట్ర నివాసులు కానివారికి, అనగా మన దేశం నుండి వెళ్ళిన విద్యార్థులకు కూడా, 2.8. ఇది తలుపు తట్టటానికి అర్హత మాత్రమే. కంప్యూటరు శాస్త్రం వంటి శాఖలలో సీటు దక్కేవారి గ్రేడు దీనికి ఎంతో పైన ఉంటుంది.

ప్రవేశానికి భరోసా ఇచ్చే మార్గాలు కూడా ఉన్నాయి. డేవిస్, ఇర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ప్రాంగణాలు ఆరూ, నిర్ణీత కోర్సులూ గ్రేడులూ సాధించిన కమ్యూనిటీ కళాశాల విద్యార్థికి ముందే హామీ ఇస్తాయి. వీటిలో ఒక్కదానినే ఎంచుకోవాలి. అన్ని శాఖలకూ ఈ హామీ వర్తించదు. పేరుపొందిన బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియాగో ప్రాంగణాలు ఇందులో లేవు. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి వేరొక ఏర్పాటు: 2010 నాటి చట్టం ప్రకారం బదిలీ కొరకే రూపొందించిన రెండేండ్ల పట్టం పొందినవారికి ఆ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. ‘ఎక్కడో ఒకచోట’ అన్న మాటను విద్యార్థి గమనించాలి. కోరిన ఊరిలోనే అని చట్టం చెప్పలేదు.

తేదీల విషయంలో ఆ దేశంలో మొగమాటం లేదు. వచ్చే సంవత్సరం ఆగస్టు, సెప్టెంబరులలో చేరవలసినవాడు ఈ సంవత్సరం సెప్టెంబరులో హామీ పత్రం, అక్టోబరు, నవంబరు మాసాలలో అసలు దరఖాస్తు పంపాలి. జనవరిలో తాజా గ్రేడులను తెలియజేయాలి. ఏప్రిలులో ఫలితాలు, జూన్ 1 నాటికి అంగీకార పత్రం. అంటే రెండేండ్ల చదువులో దరఖాస్తు నాటికి చేతిలో ఉండేవి మొదటి సంవత్సరపు గ్రేడులే! రెండవ ఏట బాగుపడదామనుకునేవారికి ఈ లెక్క ఆలస్యంగా బోధపడుతుంది. దరఖాస్తుతోబాటు నాలుగు ప్రశ్నలకు, ఒక్కొక్కటి 350 మాటలు మించకుండా, సమాధానాలు వ్రాయాలి. అందులో ఒకటి అందరికీ తప్పనిసరి: నీవు కోరే శాఖకు నీవు ఎట్లా సిద్ధపడ్డావు? మొదటి టర్ము నుండి దారి తెలిసి నడిచినవాడికి ఈ ప్రశ్నకు జవాబు వెతుకనక్కరలేదు.

సీటు వచ్చిన తరువాత కూడా ఒక గండం ఉన్నది. కొత్తచోట మొదటి టర్ములో గ్రేడులు కొంత పడిపోవటాన్ని 1965లో జాన్ హిల్స్ అనే పరిశోధకుడు ‘బదిలీ అఘాతం’ అన్నాడు. ముప్పయి మంది తరగతి నుండి మూడు వందల మంది సభాస్థలికి వెళ్ళినప్పుడు, ఆచార్యుడికి తన పేరు తెలియనప్పుడు, అది సహజమే. చాలమంది తరువాతి టర్ములలో కోలుకుంటారు. మొదటి టర్ములో కఠినమైన కోర్సులన్నీ ఒక్కసారి నెత్తిన పెట్టుకోకపోవటమే దీనికి మందు.

ఇక మన దేశం నుండి విద్యార్థి వీసాపై నేరుగా కమ్యూనిటీ కళాశాలలో చేరేవారికి రెండు మాటలు. ప్రతి టర్ములో కనీసం 12 యూనిట్లు చదవాలి. అంతర్జాలంలో చదివే కోర్సు ఒక్కటే ఈ లెక్కలోకి వస్తుంది. విశ్వవిద్యాలయానికి మారేటప్పుడు సీటు వస్తే చాలదు, వీసాకు సంబంధించిన ‘సెవిస్’ దస్త్రం కూడా ఒక సంస్థ నుండి మరొక సంస్థకు మారాలి. కళాశాలలో చదువు ముగిసిన 60 దినాలలోగా ఆ పని జరగాలి. ఇది విదేశీ విద్యార్థుల కార్యాలయం చేసే పనియే అయినా, అడగవలసినవాడు విద్యార్థి.

ఇక్కడ డిగ్రీలో ఒకటి రెండేండ్లు చదివి మధ్యలో వెళ్ళేవారు, ఆ చదువును అక్కడ చెప్పకుండా దాచటం ఒక అలవాటుగా మారుతున్నది. ఇది ఎంతమాత్రం కూడదు. లోకంలో ఎక్కడ చదివిన కళాశాల చదువైనా సరే, దరఖాస్తులో పేర్కొని తీరాలన్నది నియమం. దాచినట్లు తేలితే ఇచ్చిన సీటును రద్దు చేస్తారు. పైగా దాచటం వల్ల లాభమేమున్నది? ఇక్కడ చదివిన గణితం, రసాయనశాస్త్రం అక్కడ లెక్కకు రావచ్చు. అందుకు మార్కుల పట్టిక ఒక్కటే సరిపోదు. పేపరు పేరు ‘గణితం-2’ అని ఉంటే అందులో ఏమి బోధించారో అక్కడివారికి ఎట్లా తెలుస్తుంది? 2021లో మన విశ్వవిద్యాలయ నిధుల సంఘం క్రెడిట్ల ఖాతాను ప్రవేశపెట్టింది గాని, ఖాతాలో ఉన్నది కూడా సంఖ్యయే, పాఠం కాదు. కనుక వెళ్ళదలచినవారు తాము చదివిన సంవత్సరపు పాఠ్యప్రణాళికను, ప్రతి పేపరుకు ఎన్ని గంటల బోధన, ఎన్ని గంటల ప్రయోగశాల, ఏ పాఠ్యగ్రంథం అన్న వివరాలతో, కళాశాల ముద్ర వేయించుకొని తీసుకుపోవాలి. మన కార్యాలయాలలో పాత ప్రణాళికలు పోగుపడి, కొన్నేండ్లకు కనబడకుండా పోతాయి. ఆ కాగితం అడగవలసినది విమానం టిక్కెట్టు కొన్న తరువాత కాదు, ఆ సంవత్సరపు పరీక్షలు ముగిసిన వారంలోనే.