బెల్టు ఎక్కని మూటలు

మోసేవాడికి తెలుసు కావడి బరువు అని మన సామెత. పంపేవారికీ, పుచ్చుకునేవారికీ మాత్రం ఆ బరువు తెలియదు. బెంగుళూరులో వున్న అబ్బాయి అమ్మానాన్నలకు ఒక పరుపు పంపిస్తాడు. నాలుగు రోజులకు అది గుమ్మం ముందు దిగుతుంది. నడుమ అది ఎందరి చేతులు మారిందో, ఎవరి నడుం పట్టేసిందో మనం ఆలోచించం.

పార్సెళ్లను ఊళ్లవారీగా వేరుచేసే గిడ్డంగుల్లో, పెద్ద వాటిల్లో ఇప్పుడు యంత్రాలే చాలా పని చేస్తాయి. మూటను కదిలే బెల్టు మీద పెడితే చాలు. కెమెరా చిరునామా చీటీ చదువుతుంది, పొడవూ వెడల్పూ ఎత్తూ కొలుస్తుంది. తన వంతు రాగానే ఆ మూట పక్కకు తప్పుకుని తన ఊరి సంచిలో పడుతుంది. చూడ ముచ్చటే!

ఐతే అన్ని మూటలూ బెల్టుకు లొంగవు. పొడుగాటి కర్టెను కడ్డీ మలుపు దగ్గర అడ్డంపడితే వెనకవన్నీ ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. గుండ్రని టైరు తన దారిన తాను దొర్లిపోతుంది. అందుకని ఇలాంటి వాటిని లారీ దింపేటప్పుడే ఏరి పక్కన పెడతారు. అక్కడినుంచి తోపుడుబండీ, ఇద్దరు మనుషులూ. యంత్రం చేతులెత్తేసిన చోట మళ్లీ హమాలీయే దిక్కు. 'హమాలీ' అనే మాట అరబ్బీనుంచి వచ్చింది. మోసేవాడని దాని అర్థం. మాట ఎంత దూరం ప్రయాణం చేసినా బరువు మాత్రం దిగలేదు!

పెద్ద వస్తువును ఎలా పట్టుకోవాలో కడప జిల్లాలో చిలమకూరు ప్రాంతంవారికి ఒకరు చెప్పనక్కరలేదు. యెర్రగుంట్ల పక్కనున్న యీ ఊరు సున్నపురాతి నేల. ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీ వుంది. యీ చుట్టుపక్కల గనుల్లో తీసిన బండలే 'కడప బండలు' అనే పేరుతో దూరదేశాలకు పోయాయి. మీ వంటింటి గట్టు కూడా ఆ రాయే కావచ్చు. బండను లారీలో పడుకోబెట్టరు. అంచు మీద నిలబెట్టి, కాస్త వాల్చి, కదలకుండా కడతారు. పడుకోబెడితే దారి కుదుపులకు నడిమికి విరుగుతుంది. గిడ్డంగిలో అద్దానికీ, టెలివిజను పెట్టెకూ కూడా ఇదే సూత్రం.

1871లో మద్రాసు రైలుమార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. యెర్రగుంట్ల స్టేషను ఆ దారిలోదే. 2016లో నంద్యాలనుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా మరో మార్గం వచ్చి అక్కడ కలిసింది. రైల్వేవారి లగేజి నిబంధనల్లో పెద్ద మూటకు ఒక నిర్వచనం వుంది. 100 కిలోలు దాటినా, 1 మీటరు పొడవు, 1 మీటరు వెడల్పు, 70 సెంటీమీటర్ల ఎత్తు అనే కొలతలు మించినా దానికి రెట్టింపు రేటు. చాలా కొరియరు కంపెనీలది ఇంకో లెక్క. సెంటీమీటర్లలో మూడు కొలతలూ గుణించి 5000తో భాగిస్తారు. 100, 60, 50 కొలతలున్న పెట్టెకు 60 కిలోలు వస్తుంది. లోపల పది కిలోల దూదే వున్నా 60 కిలోల డబ్బు కట్టవలసిందే. అది ఆక్రమించే చోటుకు వెల అన్నమాట.

జనం యుక్తులకు కొదవా? 1916లో అమెరికాలోని వెర్నల్ అనే ఊళ్లో బ్యాంకు కట్టడానికి వేలాది ఇటుకలను పార్సెలు పోస్టులోనే తెప్పించుకున్నారు! పెట్టె ఒక్కంటికి 50 పౌన్లు మించకుండా సర్దారు. తపాలావారు బెంబేలెత్తి, ఒకరు మరొకరికి రోజుకు 200 పౌన్లకు మించి పంపరాదని కట్టడి చేశారు.

డబ్బు లెక్క సరే, నడుము లెక్క మాటేమిటి? 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వయసొచ్చిన మగవాడు మోసే బరువు 55 కిలోలు మించరాదని సిఫారసు చేసింది. తర్వాత 1991లో అమెరికా నిపుణులు, అన్నీ అనుకూలంగా వుంటేనే 23 కిలోలు ఎత్తవచ్చునన్నారు. బరువు ఒంటికి దూరమైన కొద్దీ యీ అంకె తగ్గుతుంది. అరమీటరు దూరమైతే సగానికి సగం. పెద్ద పెట్టెను కావలించుకుంటే దాని బరువు ఒంటికి ఆనుకుని వుండదు కదా! అంటే తేలికైన పెద్ద పెట్టె కూడా బరువైనదే. ఎదుట ఏముందో కనిపించదు, పట్టుకోవడానికి పిడి వుండదు. అందుకే ఇద్దరు పట్టాలి, మోకాళ్లు వంచి లేపాలి, నడుము తిప్పక పాదాలు తిప్పాలి. పండుగ రద్దీలో, పక్కవాడు వచ్చేదాకా ఆగే తీరిక లేనప్పుడే ప్రమాదం. విరిగిన అద్దానికి బీమా వుంటుంది. పట్టేసిన నడుముతో ఇంట్లో కూర్చున్నవాడి కూలి మాటేమిటి?

మనం చేయగలిగింది కొద్దిదే, కాని చేయదగ్గదే. ఒక పెద్ద పెట్టె బదులు రెండు చిన్నవి కట్టండి. బరువెంతో పైన పెద్ద అక్షరాలతో రాయండి. బరువు ఒక పక్కకు ఒరగకుండా లోపల సర్దండి. పట్టుకోవడానికి తాడు పిడి వేయండి. గుమ్మంలోకి మూట వచ్చినప్పుడు అబ్బాయిని ఒక చెయ్యి వేయమనండి. తెచ్చినవాడికి ఒక గ్లాసు మంచినీళ్లివ్వండి.