అమ్మవారు కాదు, సర్పి కాదు

నోరు పూసింది. వేడి చేసిందన్నారు. సబ్జా నీళ్లు, మజ్జిగ, బీ కాంప్లెక్స్ మాత్రలు అన్నీ అయ్యాయి. ఆవకాయ మానేశారు, చివరికి చప్పటి పెరుగన్నం కూడా మండుతోందన్నారు. నాలుగు నెలలకు వీపు మీద నీటి పొక్కులు లేచాయి. అప్పుడు మంచం పక్కన వేపమండలు పెట్టారు. పెంఫిగస్ వల్గారిస్ జబ్బుతో చర్మవైద్యుల దగ్గరికి ఆలస్యంగా చేరేవాళ్లలో చాలామంది నడిచొచ్చే దారి ఇదే.

ఈ దారిలో మొదటి పొరపాటు ‘వేడి’ దగ్గరే జరుగుతోంది. మామూలు నోటి పూత వారం, పది రోజుల్లో మానుతుంది. పెంఫిగస్ పుండు అలా మానదు. బుగ్గ లోపల ఒకటి ఆరేలోగా అంగిలి మీద ఇంకొకటి లేస్తుంది, చిగుళ్లు పచ్చిగా ఊడతాయి. సగానికి పైగా రోగుల్లో జబ్బు నోట్లోనే మొదలై, ఒంటి మీదికి రావడానికి నెలలు తీసుకుంటుంది. అందుకే మూడు వారాలు దాటిన నోటి పూతను విటమిన్ల లోపమని వదిలేయకూడదు.

పొక్కులు కనిపించగానే ఆటలమ్మ అనో, సర్పి అనో అనుకోవడం రెండో పొరపాటు. ఆటలమ్మ జ్వరంతో వచ్చి, కొద్ది రోజుల్లోనే చెక్కు కడుతుంది. సర్పి సాధారణంగా ఒంటికి ఒక పక్కనే, నరం వెంట పట్టీలా లేస్తుంది. రెండింటి వెనకా వైరస్ ఉంది. పెంఫిగస్‌లో బయటి క్రిమి ఏదీ లేదు. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే దారి తప్పి, చర్మ కణాలను ఒకదానితో ఒకటి కలిపే డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్ మీద పడి కుట్లు విప్పేస్తాయి. కాబట్టి ఇది తాకితే అంటదు. కంచం, మంచం వేరు చేయనక్కర్లేదు, పిల్లల్ని దూరం పెట్టనక్కర్లేదు. అసలే ఒళ్లంతా పచ్చి పుండైన మనిషిని వెలివేసినట్టు మూలగదిలో ఉంచడం అన్యాయం.

స్నానం మాన్పించడం, పసరు పూయడం మరీ ప్రమాదం. చర్మం ఊడిన చోట సూక్ష్మక్రిములు చేరి రక్తానికి పాకితే ప్రాణం మీదికొస్తుంది. పుండు శుభ్రంగా ఉండాలి, బట్ట అంటుకోకూడదు. ఇక్కడ మన పెరటి వస్తువు ఒకటి నిజంగానే పనికొస్తోంది: అరటాకు. చర్మం ఊడిన రోగులను శుభ్రం చేసిన అరటాకుల మీద పడుకోబెట్టే పద్ధతి మన దేశపు ఆసుపత్రుల్లో ఉంది, ఆకు నున్నగా ఉండి పుండుకు అతుక్కోదు కనుక.

‘ముక్క కోసి పరీక్ష చేస్తే జబ్బు పెరుగుతుంది’ అన్న భయం కూడా ఉంది. పెరగదు. తీసేది చిన్న ముక్కలు రెండే. ఒకటి పొక్కు అంచు నుంచి, ఇంకొకటి పక్కనున్న మంచి చర్మం నుంచి. ఆ రెండోదాన్ని ప్రత్యేక సూక్ష్మదర్శిని కింద పెడితే, పెంఫిగస్‌లో యాంటీబాడీలు కణాల చుట్టూ ఆకుపచ్చగా, చేపల వలలా మెరుస్తాయి.

ఇక ఈ జబ్బుకు వాడే స్టెరాయిడ్ల భయం. ఇది పూర్తిగా అపోహ కాదు. షుగర్, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం నిజమే. అయితే 1950లకు ముందు, అంటే స్టెరాయిడ్లు రాకముందు, పెంఫిగస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది కొన్నేళ్లలోనే చనిపోయేవారు. రోజూ పెద్ద మోతాదు మింగే బాధ తగ్గించడానికి ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రీచా 1980ల తొలినాళ్లలో పల్స్ చికిత్స తెచ్చారు: నెలకోసారి మూడు రోజులు 100 మిల్లీగ్రాముల చొప్పున డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను డ్రిప్‌లో ఎక్కించడం, వాటిలో ఒకరోజు సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు కలపడం.

తర్వాత రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ వచ్చింది. 2017లో వెలువడిన ఫ్రెంచ్ పరిశోధనలో, ఈ ఇంజెక్షన్‌తో పాటు కొద్దికాలమే స్టెరాయిడ్ వాడినవారిలో 89 శాతం మంది రెండేళ్లకు ఏ మందూ లేకుండా పొక్కుల్లేకుండా ఉన్నారు. స్టెరాయిడ్ ఒక్కటే వాడినవారిలో 34 శాతమే. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని పెంఫిగస్‌కు ఆమోదించింది. క్యాన్సర్ కోసం పుట్టిన ఈ మందుకు హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే ‘రెడిటక్స్’ పేరుతో బయోసిమిలర్ తెచ్చింది. ఇంజెక్షన్‌కు ముందు హెపటైటిస్ బి, క్షయ పరీక్షలు తప్పనిసరి. పొక్కులు ఆరగానే స్టెరాయిడ్ సొంతంగా ఆపేయడం మాత్రం తగదు. జబ్బు తిరగబెట్టడమే కాదు, ఒంట్లో సహజ స్టెరాయిడ్ అందక కుప్పకూలిపోవచ్చు.

పెద్దవాళ్ల సంగతి వేరే చెప్పాలి. అరవై, డెబ్బై దాటాక వచ్చేది ఎక్కువగా బుల్లస్ పెంఫిగాయిడ్. 1953లో చర్మవైద్యుడు వాల్టర్ లీవర్ ఇది పెంఫిగస్ కాదు, వేరే జబ్బని తేల్చారు. ఇందులో విడిపోయేది చర్మపు పై పొరకూ కింది పొరకూ మధ్య ఉండే అతుకు, పై బట్టకూ లైనింగ్‌కూ మధ్య ఉండే కుట్టు లాంటిది. అందుకే పొక్కు గట్టిగా బిగుతుగా ఉంటుంది, పెంఫిగస్ పొక్కులా తాకగానే చిట్లదు. పొక్కులకు ముందు వారాలు, నెలలపాటు దురద ఒక్కటే ఉండొచ్చు. ‘ముసలి చర్మం కదా, ఎండిపోయింది’ అని కొబ్బరినూనె రాస్తూ కూర్చుంటారు. చాలామందికి గట్టి స్టెరాయిడ్ పూత మందుతోనే ఇది అదుపులోకి వస్తుంది. షుగర్‌కు వాడే గ్లిప్టిన్ మాత్రలు, ముఖ్యంగా విల్డాగ్లిప్టిన్, కొందరిలో దీన్ని రేపుతాయని తేలింది. తాతయ్యకో అమ్మమ్మకో దురద తగ్గకపోతే, మాత్రను ఇంట్లోనే ఆపేయకుండా, వాడుతున్న అట్టలన్నీ సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద పరచాలి.